కోస్టు – నూట్రలు

ఆంగ్లమున ‘కోస్టు’ అను పదము నామవాచకమైనపుడు సముద్రతీరమును, క్రియయైనపుడు వాహనము ఇంజను బలము లేకయే వాలున జారిపోవుటను తెలుపును. లాటినులో పక్కటెముకకు పేరైన ‘కోస్టా’ నుండి బయలుదేరి, కొండపక్కకును కడలిపక్కకును వ్యాపించి, అమెరికాలో మంచువాలుపై చక్రములు లేని బండ్లు జారుటకు అన్వయించి, అటుపిమ్మట సైకిలును మోటారును ఎక్కిన ఆ మాటలో తీరమను అర్థము మనకు కోస్తాగా చిరపరిచితమే. రెండవదానిని మాత్రము సూర్యాపేట బాటమీది లారీ డ్రైవర్లు ‘నూట్రల్ గొట్టుడు’ అందురు.

సూర్యాపేటనుండి మునగాల మీదుగా కోదాడకు, అటనుండి బెజవాడకు పోవు రహదారి ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు. మిర్యాలగూడ మిల్లులలో బియ్యపు బస్తాల నెత్తుకొని, హుజూర్‌నగరు మీదుగా వచ్చి కోదాడకడ ఆ బాటను కలిసికొను లారీలలో ఒకదాని ముందుసీటున కూర్చుండి ఈ విద్యను దగ్గరగా చూచితిని. వాలు కనబడినతోడనే డ్రైవరు యాక్సిలరేటరుమీది పాదమును తీసి, క్లచ్చి నొక్కి, గేరురాడ్డును అరచేతితో నడిమికి తట్టెను. అంతవరకు క్యాబినును అదరగొట్టుచుండిన రొద దిగిపోయి, టైర్ల హోరును, వెనుక బస్తాలమీది మోకు కిరకిరయు వినవచ్చినవి. “డౌన్ల నూట్రల్ గొడితె నాల్గు పైసలు మిగుల్తయ్ సారూ” అనెను. ఆ నాలుగు పైసలవెనుక డీజిలు ధరయు యజమాని లెక్కపుస్తకమును ఉన్నవి గనుక నాకు నవ్వు రాలేదు.

అయినను ఆ లెక్క నిలువదు. బండి గేరులోనుండి దిగునప్పుడు చక్రములే ఇంజనును త్రిప్పును గనుక, యాక్సిలరేటరు విడిచినచో నేటి ఇంజనులకు డీజిలు దాదాపు అందదు. నూట్రలులోనైతే ఆరిపోకుండుటకై అది ఎంతో కొంత త్రాగుచునే యుండవలెను. అంతకు మించిన కీడు, ఇంజను పట్టు తప్పిన బరువంతయు బ్రేకులపై బడి లైనింగులు కాగిపోవుట. కొందరు సాహసికులు ఇంజనునే ఆపివేయుదురు. అప్పుడు బ్రేకులకు గాలి నందించు కంప్రెసరు ఆగి, బ్రేకు త్రొక్కిన ప్రతిసారియు ట్యాంకులోని గాలి తరుగుటయే గాని చేరుట యుండదు. బ్రిటిషువారి హైవే కోడు 122వ నియమమున నూట్రలులో జారు ఈ అలవాటును గూర్చియే హెచ్చరించినది.

మాటల విషయమున నేను డ్రైవర్ల పక్షము. ఆంగ్లక్రియలో బండి తనంతట జారిపోవును, పూచీ ఎవరిదో తెలియదు. ‘కొట్టుడు’లో కొట్టినవాడొకడు స్పష్టముగా నున్నాడు. కోదాడలో టీ త్రాగుచు డీజిలు సంగతియు, పూచీ సంగతియు విప్పిచెప్పగా అతడు శ్రద్ధగా విని, గ్లాసు బల్లపై పెట్టి, “మీరు జెప్పింది నిజమే గావచ్చు సారూ, గని డౌను గనబడంగనె చెయ్యి దానంతటదె పోతది” అనెను.