పరాయి పొయ్యి మీద వంట: అరుదైన ప్రాసెసర్లకు క్రాస్ కంపైలర్ ప్యాకేజీలు

క్లెమెంటిలో నా బల్ల మీద ఉన్నది ఇంటెల్ ప్రాసెసర్‌తో, డెబియన్ లినక్స్‌తో నడిచే మామూలు ల్యాప్‌టాప్. అందులో ఒక్క ఆదేశమిస్తే మోటరోలా 68000 కుటుంబానికి క్రాస్ కంపైలర్ దిగుతుంది. 1979లో మొదలై, తొలి మాకింటాష్‌లనూ అమీగాలనూ నడిపిన కుటుంబమది. ఆ యంత్రాన్ని కంటితో చూడకుండానే దానికి ప్రోగ్రాము తయారుచేయవచ్చు. అదే భాండాగారంలో ‘అనుపమ’ అనే ప్రాసెసర్ కోసం వెతికితే ఏమీ కనబడదు. అనుపమ హైదరాబాదులో పుట్టింది. ఈ రెండు ఫలితాల మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం.

ఒక యంత్రం మీద కూర్చుని మరొక యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలను తయారుచేయడమే క్రాస్ కంపైలింగ్. దానికి కంపైలర్ ఒక్కటే చాలదు. అసెంబ్లర్, లింకర్, సీ లైబ్రరీ, కెర్నల్ హెడర్లు కూడా ఆ రెండవ యంత్రానికి తగినవే కావాలి. ఇక్కడొక చిక్కుముడి ఉంది. లైబ్రరీని తయారుచేయాలంటే కంపైలర్ ఉండాలి. కంపైలర్ పూర్తి కావాలంటే లైబ్రరీ ఉండాలి. అందుకని ముందు అరకొర కంపైలర్‌ను కట్టి, దానితో లైబ్రరీని కట్టి, ఆ తరువాత అసలు కంపైలర్‌ను పూర్తి చేస్తారు. ఒకప్పుడు ఎవరికి వారు రోజుల తరబడి పడిన ఈ శ్రమను, 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచి ప్రధాన భాండాగారంలోని ప్యాకేజీలే తీరుస్తున్నాయి. అధికారిక హోదా లేని ప్రాసెసర్లకూ ఈ సదుపాయం దక్కడం చిన్న విషయం కాదు.

అయితే ప్యాకేజీ ఉన్నంత మాత్రాన ఆ ప్రాసెసర్ బతికి ఉన్నదని అనుకోవడం పొరపాటు. క్రాస్ కంపైలింగ్ పరాయి పొయ్యి మీద వంట వంటిది. వండినవారికి రుచి చూసే అవకాశం లేదు. లినక్స్‌లో 68000 కుటుంబం 4 బైట్ల పూర్ణాంకాన్ని 2 బైట్ల సరిహద్దు మీద కూడా నిలుపుతుంది. 4 బైట్ల సరిహద్దును నమ్ముకుని రాసిన ప్రోగ్రాము చాలాసార్లు ఏ ఫిర్యాదూ లేకుండా కంపైల్ అవుతుంది. తప్పు బయటపడేది నడిపినప్పుడే. ఎమ్యులేటర్ కొంత ఆదుకుంటుంది కాని, అసలు యంత్రం ముందు కూర్చుని పరీక్షించే మనిషికి అది బదులు కాదు.

ఈ కుటుంబం చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1998లో డెబియన్ 2.0తో అధికారికంగా చేరింది. 2007 నాటి డెబియన్ 4.0లో ఆ హోదా పోయింది. అప్పటినుంచి ఔత్సాహికులే దానిని మోస్తున్నారు. 2025 అక్టోబరులో ఏపీటీ నిర్వాహకులొకరు ఆ ప్యాకేజీ సాధనానికి రస్ట్ భాషను తప్పనిసరి చేయబోతున్నామని ప్రకటించి, రస్ట్ పనిచేయని ప్రాసెసర్ల వారికి ఆరు నెలల గడువిచ్చారు. గొలుసులో కొత్తగా ఒక కొక్కెం చేరితే చాలు, దానిని అందుకోలేని ప్రాసెసర్ జారిపోతుంది. ఇందులో ద్వేషమేమీ లేదు. ఉన్నది మనుషుల కొరత.

ఇప్పుడు అనుపమ దగ్గరికి వద్దాం. 1988లో హైదరాబాదులో స్థాపించిన రక్షణ పరిశోధన సంస్థ ‘అనురాగ్’ 32 బిట్ల అనుపమను రూపొందించింది. దానికి ప్రోగ్రాములు రాసుకునే పనిముట్లనూ సిద్ధం చేసింది. అదే గర్భంగా, మెమరీ నిర్వహణ, రెండంచెల క్యాష్ వంటివి చేర్చి ‘అబాకస్’ను నిర్మించి, దాని మీద లినక్స్‌ను నడిపింది. అంటే మనవాళ్ళు పొయ్యినీ కట్టారు, వంటా చేశారు. కాని లినక్స్ ప్రధాన మూలంలో అబాకస్ పేరిట ఒక విభాగం లేదు. రక్షణ అవసరాలకు పుట్టిన పనికి గోప్యత సహజమే. ఆ గోప్యతకు చెల్లించిన మూల్యం మాత్రం విస్మృతి.

మద్రాసు ఐఐటీ వారి ‘శక్తి’ వేరే దారి పట్టింది. ఎవరైనా వాడుకోదగిన రిస్క్-వీ ఆదేశాల సముదాయాన్ని ఎంచుకుంది. 2018లో శక్తి చిప్ మీద లినక్స్ నడిచింది. 2025 ఆగస్టులో డెబియన్ 13 రిస్క్-వీకి అధికారిక హోదా ఇచ్చింది. ఆ పని శక్తి కోసం చేసింది కాకపోయినా, ఫలం శక్తికీ అందుతుంది. ఇక్కడా ఒక హెచ్చరిక అవసరం. రిస్క్-వీ ఒక పేరు కింద ఉన్న అనేక యంత్రాలు. డెబియన్ లినక్స్ ప్యాకేజీ 64 బిట్లనూ, దశాంశ గణిత విభాగాన్నీ ఉన్నట్టే భావిస్తుంది. అవి లేని చిన్న చిప్‌కు ఆ ప్యాకేజీ తయారుచేసే ప్రోగ్రాము పనికిరాదు.

కనుక ప్యాకేజీ ప్రాణానికి హామీ కాదు. ప్యాకేజీ లేకపోవడం మాత్రం మరుపుకు దాదాపు హామీ. స్వదేశీ చిప్‌ల గురించి గర్వంగా మాట్లాడుకునేటప్పుడు మనం అడగవలసిన ప్రశ్నలు రెండు: దాని పనిముట్లు బహిరంగ మూలంలో చేరాయా? వాటిని పరీక్షించే యంత్రాన్నీ మనిషినీ ఎవరు పోషిస్తున్నారు? విదేశాలలో ఈ వృత్తిలోనే ఉన్న తెలుగువారు ఎందరో. రెండో ప్రశ్నకు జవాబు మనలోనే కొందరి దగ్గర, ఒక శనివారం మధ్యాహ్నపు తీరికలో ఉండవచ్చు.