రాయి అచ్చివస్తే చాలా?

మన ఇళ్ళల్లో వజ్రం కొనడం పెద్ద తతంగం. దుద్దులు ఇంటికి తెచ్చి రెండు మూడు రోజులు దేవుడి దగ్గర ఉంచుతారు. ఆలోగా పిల్లాడికి జ్వరం వచ్చినా, కారుకి గీత పడినా ‘ఈ రాయి మనకు అచ్చిరాలేదు’ అని వెనక్కి ఇచ్చేస్తారు. తెలిసిన షాపువాళ్ళు కాదనరు కూడా. మచ్చ ఉందా, మెరుపెలా ఉంది, ఎన్ని సెంట్లు అని గుచ్చి గుచ్చి అడుగుతాం. ఏ గనిదని మాత్రం అడగం.

కెనడాలోని గ్వెల్ఫ్‌లో మా వదిన ఏడు రాళ్ళ దుద్దులు చూద్దామంటే ఒక షాపుకి వెళ్ళాం. కౌంటరు దగ్గరి అమ్మాయి ముందు ఒంటిరాయి ఉంగరం చూపించింది. భూతద్దంలో చూస్తే రాయి అంచున లేజరుతో చెక్కిన నంబరు. కెనడా వజ్రమట, ఆ నంబరుతో దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయట. “మరి ఏడు రాళ్ళవాటికీ ఉంటుందేమో అడుగు” అంది వదిన. అంత చిన్న రాళ్ళకి సాధారణంగా నంబరు వెయ్యరని, సూరత్‌లో సానపట్టాక సైజుల వారీగా కలిపేస్తారని చెప్పిందా అమ్మాయి. జతకి పద్నాలుగు రాళ్ళు. ఏది ఏ దేశానిదో ఎవరు చెప్పాలి?

బిల్లు మీద ‘కాన్‌ఫ్లిక్ట్ ఫ్రీ’ అని రాసిస్తారు కదా అంటారు. ఆ మాట వెనుక ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్ ఉంది. అక్కడి తిరుగుబాటుదారులు వజ్రాలమ్మి తుపాకులు కొన్నారు, సామాన్యుల చేతులు నరికారు. ఈ వ్యాపారం గుట్టు విప్పినవారిలో ఒట్టావాలోని పార్ట్‌నర్‌షిప్ ఆఫ్రికా కెనడా అనే సంస్థ ఒకటి. 2000లో వాళ్ళు నివేదిక ఇచ్చారు, 2003లో కింబర్లీ ప్రాసెస్ అనే అంతర్జాతీయ ఏర్పాటు అమల్లోకి వచ్చింది. సర్టిఫికెట్ లేనిదే ముడి వజ్రాల పొట్లం సరిహద్దు దాటకూడదన్నారు.

మంచి పనే, కానీ దాని లెక్కలో తిరుగుబాటుదారులకు డబ్బు చేర్చేదే నెత్తుటి వజ్రం. ప్రభుత్వమే కాల్పులు జరిపితే ఆ లెక్కలోకి రాదు. 2008లో జింబాబ్వేలోని మరాంగెలో సైన్యం గని కూలీల ప్రాణాలు తీసింది. అయినా 2011లో అక్కడి వజ్రాల ఎగుమతికి పచ్చజెండా ఊపారు. ఈ ఏర్పాటుకోసం మొదటినుంచీ పోరాడిన గ్లోబల్ విట్‌నెస్ సంస్థ ఆ ఏడాదే బయటికి నడిచింది. ఇక కెంపులు, పచ్చలకైతే ఆ పాటి కాగితం కూడా లేదు.

పోనీ కెనడా రాయి కొంటే సరిపోతుందా? మన ఒంటారియోలోనే డి బీర్స్ వారి విక్టర్ గని 2008 నుంచి 2019 దాకా నడిచింది. దానికి దగ్గరి ఊరు అట్టావాపిస్కాట్. గని నడుస్తుండగానే, 2011లో, ఇళ్ళు లేక జనం గుడారాల్లో, షెడ్లలో ఉంటున్నారని ఆ మూలవాసుల ఊరు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అంతదాకా ఎందుకు, కోహినూరు కొల్లూరు గనిదని గొప్పగా చెప్పుకునే మన తెలుగునేల మీదే, రాయలసీమలో తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో కూలీలు వజ్రాలు వెతుకుతారు. దొరికిన రాయికి ధర కట్టేది మాత్రం వ్యాపారే.

అలాగని వజ్రాలే మానేయమనను. అమ్మమ్మ దుద్దుల రాళ్ళుంటే వాటినే కొత్త డిజైన్‌లో పొదిగించుకోండి, వాటికోసం కొత్తగా ఎవరూ గని తవ్వక్కర్లేదు. ల్యాబ్ వజ్రం మీద మనసుంటే అదీ వజ్రమే, నకిలీ కాదు. కాకపోతే దాని తయారీకి బోలెడు కరెంటు కావాలి, అదెలా వస్తుందో కనుక్కోండి. గని రాయే కావాలంటే ఏ దేశం, ఏ గని అన్నది బిల్లు మీద రాసిమ్మనండి. నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి. రాయి మనకు అచ్చిరావాలని కోరుకునేవాళ్ళం, దాన్ని తవ్వినవాళ్ళకి అచ్చివచ్చిందో లేదో కూడా అడగాలి.