ప్రెసిడెంటు ఇంటి నవ్వులు ఎవరివి?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ప్రెసిడెంటు అంటే ఢిల్లీలో ఉండే రాష్ట్రపతి కాదు, ఊరి సర్పంచ్. కడప జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండింది. పంచాయతీ పెద్దను ప్రెసిడెంటనడం అప్పటి అలవాటు. చట్టంలో పేరు మారినా పల్లె నోట్లో మారలేదు. కాబట్టి ప్రెసిడెంటు మీద, ఆయన ఇంటి మీద హాస్యం తీస్తే అది మనకు పరాయి కథేం కాదు. ఆ ఇల్లు మనకు తెలుసు. ఆ ఇంటి వాకిలి మనల్ని ఎంతవరకు రానిస్తుందో కూడా తెలుసు.

2025 జనవరి 24న ప్రైమ్ వీడియోలో ‘సివరపల్లి’ వచ్చింది. 2020 నాటి హిందీ ‘పంచాయత్’కు ఇది తెలుగు రూపం. కథ జరిగేది తెలంగాణ పల్లెలో. ఇష్టం లేకుండా పంచాయతీ కార్యదర్శిగా వచ్చిన కుర్రాడు (రాగ్ మయూర్), పేరుకు సర్పంచ్ అయిన ఇల్లాలు (రూపాలక్ష్మి), ఆమె పేరు మీద పెత్తనం చేసే మొగుడు (మురళీధర్ గౌడ్). బాగా నటించారు. మురళీధర్ గౌడ్ యాస వింటే నవ్వు రాక మానదు. కోస్తా భాషే తెలుగు అనుకున్న తెర మీద పల్లె యాస నడిమధ్యకు రావడం మంచిదే. మన తగాదా నటులతో కాదు, నవ్వు పుట్టే చోటుతో.

ఆ నవ్వు ఎక్కడ పుడుతోంది? 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో రెండు పనులు చేసింది. స్త్రీలకు మూడో వంతుకు తక్కువ కాకుండా, దళితులకు, ఆదివాసులకు జనాభా మేరకు సీట్లు కేటాయించింది. అధ్యక్ష పదవుల్లోనూ వాటా పెట్టింది. ఈ రెండింటిలో హాస్యానికి పనికొచ్చింది మొదటిదే. పెండ్లాం కుర్చీలో మొగుడు కూర్చుంటే నవ్వొస్తుంది. ఎందుకంటే కుర్చీ ఆ ఇల్లు దాటి పోలేదు. హిందీ ‘పంచాయత్’లో కార్యదర్శి త్రిపాఠి, సర్పంచ్ మొగుడు దుబే, ఉపసర్పంచ్ పాండే, సహాయకుడు శుక్లా. ఒక ఆఫీసు, నాలుగూ బ్రాహ్మణ ఇంటిపేర్లు! తెలుగులోకి వచ్చేసరికి ఆ తోకలు పోయాయి. పెత్తనానికి ఒక కులం ఉంటుందన్న సంగతి మాత్రం ఇక్కడా కథకు సమస్య కాలేదు.

హిందీ మొదటి సీజను చివర్లో కలెక్టరు గద్దిస్తే ఆ ఇల్లాలు జాతీయగీతం నేర్చుకుని జనవరి 26న జెండా ఎగరేస్తుంది. మంచి దృశ్యమే. ఆమె కుర్చీ ఆమెకు దక్కాల్సిందే. కానీ అక్కడ కుర్చీ మొగుడి చేతి నుంచి పెండ్లాం చేతికి వచ్చింది, ఊరి నుంచి పల్లెకు రాలేదు. అలా వస్తే ఏమవుతుంది?

ఈ కథనే 2024లో తమిళంలో ‘తలైవెట్టియాన్ పాళయం’గా తీశారు. అదే తమిళనాడులో మదురై జిల్లా మేలవళవు పంచాయతీ ప్రెసిడెంటు పదవిని 1996లో దళితులకు కేటాయించారు. గెలిచిన మురుగేశన్‌ను 1997 జూన్ 30న నరికి చంపారు. ఆయనతో పాటు మరో అయిదుగురు దళితులు చచ్చిపోయారు. అదే జిల్లా పాప్పాపట్టి, కీరిపట్టిలో దళిత ప్రెసిడెంట్లను 2006 దాకా సరిగా కూర్చోనివ్వలేదు. ఒక ఇంట్లో కామెడీ అయిన కుర్చీ ఇంకో ఇంటికి శవపేటిక అయింది.

ఇది పల్లెటూరి వెనకబాటుతనం అనేవాళ్లు అమెరికా చూడండి. 2012 నవంబరులో ఒబామా రెండోసారి గెలిచాడు. డిసెంబరులో ఎన్‌బీసీలో ‘1600 పెన్’ అనే హాస్య సీరియల్ మొదలైంది. ప్రెసిడెంటు, ఆయన కుటుంబం, వైట్‌హౌస్‌లో అల్లరి. 13 భాగాలతో 2013లోనే ఆగిపోయింది. దాన్ని రూపొందించిన వాళ్లలో ఒకరైన జాన్ లోవెట్ ఒబామాకు ఉపన్యాసాలు రాసినవాడు. అయినా తెర మీది కుటుంబం తెల్లది. నిజం వైట్‌హౌస్‌లో నల్లజాతి కుటుంబం కాపురం ఉన్న రోజుల్లో కూడా నవ్వులాటకు తెల్ల ఇల్లే కావలసొచ్చింది. ఎన్ని వెర్రిపనులు చేసినా ‘వీళ్లకా అధికారం’ అని ఎవరూ అనని ఇల్లే అలా నవ్వించగలదు.

ఇక మన దగ్గరికొద్దాం. పులివెందుల అసెంబ్లీ సీటు 1978 నుంచి ఒకే కుటుంబం, దాని బంధువర్గం చేతిలో ఉంది. 2025 ఆగస్టు జడ్పీటీసీ ఉపఎన్నికలో వైసీపీ ఓడింది. గెలిచిన తెలుగుదేశం అభ్యర్థి లతారెడ్డి ఆ పార్టీ స్థానిక నాయకుడు బీటెక్ రవి భార్య. ఆమె సమర్థురాలా కాదా అన్నది ఇక్కడి మాట కాదు. పార్టీ ఏదైనా సీటు ఇంటి సొత్తు అన్న లెక్క మారలేదన్నదే మాట. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవానికి ప్రభుత్వం 5 నుంచి 20 లక్షల ప్రోత్సాహకం ప్రకటించింది. పులివెందుల వైపు చాలా పంచాయతీలు ఏకగ్రీవమయ్యాయి. గ్రీవమంటే మెడ. ఎన్ని మెడలు వంగితే ఊరంతా ఒక్క మెడ అవుతుంది?

రిజర్వేషను వస్తే రెడ్డి తన జీతగాన్నో, ఆయన పెండ్లాన్నో నిలబెట్టడం ఫ్యాక్షన్ పల్లెలకు కొత్త కాదు. ‘ఈడ సంతకం పెట్టబ్బీ’ అంటే పెట్టాల. మీటింగులో కుర్చీ ఉన్నా నిలబడాల. దళిత స్త్రీ అయితే మొగుడి పెత్తనం, దాని మీద రెడ్డి పెత్తనం. ‘సివరపల్లి’ చూపింది ఇందులో సగం, అదీ నొప్పి తెలియని సగం.

అట్లని దళితుల కథ అంటే ఏడుపే కావాలని కాదు. మాలపల్లెలో, మాదిగపల్లెలో రెడ్డి నడకను అభినయించి విరగబడి నవ్వేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఆ నవ్వులో భయం లేదు, లెక్క ఉంది. కెమెరా ప్రెసిడెంటు వసారాలో కూర్చుని పల్లెను చూసింది చాలు. పల్లె అరుగు మీద కూర్చుని వసారాను చూడాల. క్లాసులో ఈ సీరియల్ మీద మాట్లాడే పంతుళ్లు, పల్లెల్లో తిరిగే కార్యకర్తలు ముందు ఒక ప్రశ్న అడగండి. మీ ఊర్లో ప్రెసిడెంటు ఎవరు అని కాదు, తీర్మానాల పుస్తకం రాత్రిపూట ఎవరింట్లో ఉంటుంది అని.