పలుకు – ప్రశంస: ద్వారం వేంకటస్వామినాయుడు వాదనం, శ్రోతల మెప్పు భాష – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: వాద్యసంగీతం విని కదిలిపోయిన శ్రోత ఆ అనుభూతిని తెలుగులో ఏ మాటలతో చెప్పుకుంటాడు? ఆ మాటలు తాను విన్న సంగీతాన్ని ఎంతవరకు పట్టి ఇస్తాయి? వయొలిన్ విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడు (1893–1964) గురించి తెలుగులో స్థిరపడిన ప్రశంసా సంప్రదాయాన్ని ఆధారం చేసుకొని ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. పాశ్చాత్య పియానో విమర్శను అవసరమైన మేరకు పోలికకు తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: ద్వారం వేంకటస్వామినాయుడు, వయొలిన్, పలుకు, సహృదయుడు, సాత్త్వికభావాలు, గమకం, సంగీత విమర్శ.

1. ఉపోద్ఘాతం

పరిశోధక విద్యార్థినిగా ఉన్న రోజుల్లో ఉత్తరాంధ్ర సంగీత సంప్రదాయంపై జరిగిన ఒక సదస్సులో పత్రం సమర్పించాను. అందులో మూడు పుటలు ద్వారం వారికే కేటాయించాను. నాదబ్రహ్మ, గంధర్వుడు, అమృతవర్షం, కమాను కొసన సరస్వతి – ఇలాంటి మాటలు ఆ పుటల నిండా ఉన్నాయి. పత్రం ముగిశాక వెనుక వరుసలోంచి ఒక వృద్ధుడు లేచి, "అమ్మా, అంతా బాగానే చెప్పావు. ఇంతకీ ఆయన వాయించిందేమిటో చెప్పలేదు" అన్నారు. కొందరు నవ్వారు. నా దగ్గర సమాధానం లేదు. ఈ వ్యాసం ఒక విధంగా ఆయనకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

నాయుడుగారు బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. అన్న వేంకటకృష్ణయ్య వద్ద వయొలిన్ నేర్చారు. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో అధ్యాపకులయ్యారు. 1936లో ఆదిభట్ల నారాయణదాసు తరువాత అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ లభించాయి. పక్కవాద్యంగా మాత్రమే తెలిసిన వయొలిన్‌ను ప్రధాన వాద్యంగా కచేరీ వేదిక నడుమ కూర్చోబెట్టినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఈ వివరాలు అందరికీ తెలిసినవే కనుక వీటిని ఇంతకన్నా విస్తరించను.

2. వాద్యం 'పలకడం'

వాద్యకారుణ్ణి మెచ్చుకునేటప్పుడు తెలుగువాడు మొదట అనే మాట "పలికించాడు". మోగించాడు అనడు. మోగడం గంటకూ తలుపు గొళ్ళేనికీ టెలిఫోనుకూ చెందిన పని. 'వాయించాడు' అన్నది తటస్థమైన మాట. పైగా వాడుకలో "నిన్న ఆఫీసులో నన్ను వాయించేశారు" అనే అర్థం దానికి తోడైంది. 'పలికించడం' మాత్రం గౌరవ వాచకం. వీణను, వేణువును, వయొలిన్‌ను పలికిస్తారు.

ఇక్కడ గమనించవలసింది 'పలుకు' అన్న మాటకు గల వ్యాప్తి. పలుకు అంటే మాట. మృదంగానికీ పలుకు ఉంది. హార్మోనియంలో ఒక మెట్టు చెడితే "ఆ మెట్టు పలకడం లేదు" అంటాం. పసివాడికి అక్షరం పలకదు, పాత వీణకు తీగ పలకదు. అంటే నాదాన్నీ భాషణాన్నీ తెలుగు ఒకే క్రియతో చెబుతున్నది. కనుక "ద్వారం వారి వయొలిన్ మాట్లాడేది" అన్న ప్రశంస తెలుగు చెవికి అలంకారంగా కూడా తోచదు. భాషలో ముందే ఉన్న ఒక అభేదాన్ని కొంచెం గట్టిగా అనడమే అవుతుంది.

అయితే ఇది భాషా స్వభావంతో ఆగిపోయే విషయం కాదు. దీనికి సాంకేతికమైన ఆధారం కూడా ఉంది. కర్ణాటక సంగీతంలో వయొలిన్ విద్వాంసుడు కృతిని వాయించేటప్పుడు సాహిత్యాక్షరాలను అనుసరించి కమానును మార్చుతాడు. ఒక అక్షరానికి ఒక కమాను. ఆ అక్షరం మీద సాగే సంగతి ఎంత దీర్ఘమైనా కమాను తెగకుండా వేళ్ళు మాత్రమే నడుస్తాయి. తరువాతి అక్షరం దగ్గర కమాను మళ్ళుతుంది. కృతి తెలిసిన శ్రోతకు ఆ మలుపుల్లో హల్లులు, ఆ ధారలో అచ్చులు వినిపిస్తాయి. అతడు మనసులో సాహిత్యాన్ని పాడుకుంటూనే వింటాడు. "పలికింది" అని అతడు అన్నప్పుడు అది ఉన్న విషయాన్ని చెప్పడమే. త్యాగరాజ కృతులు తెలుగువే కావడం వలన తెలుగు శ్రోతకు ఈ అనుభవం మరింత దగ్గరగా ఉంటుంది.

చిక్కు ఆలాపన దగ్గర మొదలవుతుంది. అక్కడ సాహిత్యం లేదు. అక్షరాలు లేని చోట వాద్యం ఏం పలికినట్టు? మన ప్రశంసా భాష సరిగ్గా ఈ చోటనే మాటలు అయిపోయి అమృతానికీ గంధర్వులకూ మళ్ళుతుంది. ఏ రాగాలాపన గురించి రాసినా ఒకే వాక్యం సరిపోతుంది. రాగం పేరు మార్చినా వాక్యం మార్చనక్కరలేదు. నా సదస్సు పత్రంలో జరిగింది అదే.

3. శ్రోత శరీరం

తెలుగు ప్రశంసలో రెండవ తరగతి మాటలు శ్రోత శరీరానికి సంబంధించినవి. కళ్ళు చెమర్చాయి, ఒళ్ళు జలదరించింది, నోట మాట రాలేదు, కూర్చున్నచోట బొమ్మలమైపోయాం. ఇవి పరిచితమైన మాటలు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది సాత్త్వికభావాలు – స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం – వీటి వెనుక ఉన్నాయి. కాని భరతుని వద్ద ఇవి పాత్రకూ నటునికీ చెందినవి. రంగస్థలం మీద అభినయించవలసినవి. వాద్యసంగీత ప్రశంసలో ఇవి ప్రేక్షకుని వైపు వచ్చేశాయి. వాద్యకారుడు కదలకుండా కూర్చుంటాడు, అభినయమంతా శ్రోత చేస్తాడు.

ఈ స్థానభ్రంశం ఆసక్తికరమైనదే గాని దీనివల్ల ఒక నష్టం ఉంది. వ్యాసం నిండా శ్రోత కన్నీరు ఉంటుంది, ఆ కన్నీరు ఏ స్వరం దగ్గర వచ్చిందో ఉండదు. ఆనందవర్ధనుడు, అభినవగుప్తుడు చెప్పిన సహృదయుడు కావ్యాభ్యాసంతో మనసు తేటపడినవాడు. అతనికి చలించడంతో పాటు గుర్తించడం కూడా వచ్చు. మన వ్యాసాల్లోని సహృదయుడు చాలావరకు మొదటి సగంతోనే సరిపెట్టుకుంటున్నాడు.

సభలో మాత్రం ఇలా ఉండదు. తొడ మీద తాళం వేసుకుంటూ వినే రసికుడు కచేరీలో "భళా", "శభాష్" అంటాడు. ఆ మాటలో విశ్లేషణ ఏమీ లేదు. కాని దానికి ఖచ్చితమైన చోటు ఉంది. స్వరకల్పన ఎడుపుకు వచ్చి చేరిన క్షణంలోనో, అనుకోని సంగతి ఒకటి మెరిసిన క్షణంలోనో అది పడుతుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే అన్నవాడే సిగ్గుపడతాడు. కచేరీలో పుట్టే ఆ ఒక్క మాట మన పది పుటల వ్యాసం కన్నా నిర్దిష్టమైన విమర్శ అని నాకు అనిపిస్తుంది. నేడు ద్వారం వారి సంగీతం మనకు అందుతున్నది ప్రధానంగా రికార్డుల ద్వారా. ఆకాశవాణి స్టూడియోలో శ్రోతలు ఉండరు, శభాష్‌లూ ఉండవు. రికార్డులో మెప్పు లేని సంగీతం, వ్యాసాల్లో సంగీతం లేని మెప్పు విడివిడిగా మిగిలాయి. ఈ రెంటినీ ఒకచోటికి తేవడమే విమర్శకుని ముందున్న పని.

4. పియానో ముందు శ్రోత

పాశ్చాత్యుల ప్రశంసలు దీనికి భిన్నంగా ఉంటాయనుకుంటే పొరపాటు. 1840లలో పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ కచేరీలకు యూరప్ ఊగిపోయింది. ఆ ఉన్మాదానికి కవి హైన్రిఖ్ హైనే 1844లో ఒక రోగం పేరు వంటి పేరే పెట్టాడు. అక్కడా పరమ ప్రశంస "పియానో పాడింది" అన్నదే. పియానోలో సుత్తి తీగను తాకిన మరుక్షణం నుంచి నాదం సన్నగిల్లడమే తప్ప పెరగదు. అటువంటి వాద్యాన్ని పాడించడం కష్టం కనుకనే ఆ మెప్పుకు విలువ. షోపెన్ తన శిష్యులకు గాయకులను వినమని చెప్పేవాడు. వాద్యాన్ని గాత్రంతో కొలవడం మన ఒక్కరి అలవాటు కాదు.

కాని ఒక తేడా ఉంది. 1831లో యువకుడైన రాబర్ట్ షూమన్ షోపెన్ రచన ఒకదాన్ని – మొజార్ట్ ఇతివృత్తంపై కూర్చిన వేరియేషన్లను – మెచ్చుకుంటూ రాసిన సమీక్షలో భావావేశానికి కొదువ లేదు. కల్పిత పాత్రల సంభాషణగా నడిచిన ఆ సమీక్ష మన వ్యాసాల కన్నా ఎక్కువగానే పరవశించింది. అయినా ఒక్కొక్క వేరియేషన్ దగ్గర ఆగి, అది ఏ దృశ్యాన్ని మనసుకు తెచ్చిందో చెప్పింది. స్వరలిపి అచ్చులో ఉంది కనుక పాఠకుడు ఆ చోటుకు వెళ్ళి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. పరవశానికి చిరునామా ఉంటే అది విమర్శ అవుతుంది. ఆ తరువాత 1854లో ఎడ్వర్డ్ హన్స్‌లిక్ సంగీత సౌందర్యం శ్రోత భావాల్లో లేదు, కదిలే నాదరూపాల్లోనే ఉందని వాదించాడు. ఆ వాదాన్ని పూర్తిగా అంగీకరించడం రససిద్ధాంతంలో పెరిగిన మనకు కష్టమే. అయినా అప్పుడప్పుడు తలచుకోదగిన హెచ్చరిక.

5. రెండు కథలు

ద్వారం వారి గురించిన రచనల్లో రెండు కథలు తప్పక వస్తాయి. మొదటిది, ఆయన విద్యార్థిగా చేరడానికి విజయనగరం వెళ్ళగా, వాదనం విన్న నారాయణదాసు అధ్యాపక పదవి ఇప్పించారన్నది. ఇది నాకు ఇష్టమైన కథ. హరికథా పితామహునిగా మాటలకు లోటు లేని మనిషి, మెప్పును మాటల్లో కాక నియామకంలో చూపించారు.

రెండవది యెహూదీ మెనూహిన్ కథ. 1952లో భారతదేశానికి వచ్చిన ఆ విఖ్యాత వయొలినిస్టు మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారు ఇంట నాయుడుగారి వాదనం విని ముగ్ధుడయ్యాడని చెబుతారు. దీన్ని మనం యోగ్యతాపత్రంగా వాడుకుంటున్నాం. నా అభ్యంతరం అక్కడే. మెనూహిన్‌కు తెలుగు రాదు. కృతి సాహిత్యం అతని మనసులో లేదు. మనకు 'పలికిన' వయొలిన్ అతనికి ఆ అర్థంలో పలకలేదు. అతడు వినగలిగింది శ్రుతిశుద్ధి, కమాను నిడివి, నాదపు బరువు, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే వేలు. అతని మెప్పు మన మెప్పుకు ఆమోదముద్ర కాదు. అది మరొక రకమైన వినికిడి. సాహిత్యం లేకుండా ద్వారం వారిలో వినవలసింది ఎంత ఉందో చెప్పే సాక్ష్యం. దాన్ని అలా చదివినవారు తక్కువ.

మూడవ కథ అనదగినది ఆయన చూపు గురించి. "చూపు మందగించినా" అనే ఉపవాక్యం లేని ప్రశంస అరుదు. జాలితో మొదలైన వాక్యం అద్భుతంతో ముగుస్తుంది. నడుమ ఉండవలసిన ఏళ్ళ సాధన వాక్యంలోంచి జారిపోతుంది. సమకాలికులైన మైసూరు చౌడయ్య నాదం దూరానికి వినిపించడం కోసం ఏడు తీగల వయొలిన్‌ను తయారు చేయించుకున్నారు. నాయుడుగారు నాలుగు తీగలతోనే ఉండి ఆ పనిని కమానుకు అప్పగించారు. పాశ్చాత్య కమాను పద్ధతులను శ్రద్ధగా గ్రహించి మన గమకానికి అనువు చేసుకున్నారని ఆయన బాణీ తెలిసినవారు చెప్పే మాట. ఇవి కళాకారుని నిర్ణయాలు. కంటిచూపుకు ముడిపెట్టి మెచ్చుకుంటే ఈ నిర్ణయాలకు దక్కవలసిన గౌరవం దక్కదు.

ద్వారం వారి వద్ద కొంతకాలం నేర్చుకున్న శ్రీపాద పినాకపాణి తరువాతి కాలంలో కృతులను సంగతులతో సహా స్వరపరచి 'సంగీత సౌరభం' సంపుటాలుగా అందించారు. వృత్తిరీత్యా వైద్యులు కావడం వల్లనేమో, రాగాన్ని వైద్యుడు దేహాన్ని పరీక్షించినట్లు పరీక్షించారు. తెలుగులో సంగీతాన్ని నిర్దిష్టంగా రాయడానికి మాటలు లేవన్న వాదానికి ఆయన రచనలే సమాధానం. మాటలు ఉన్నాయి – కంపితం, జారు, స్ఫురితం, నొక్కు. తెలుగు శాఖల్లో ఉన్న మేము వాటిని సంగీత శాఖకు వదిలేసి నాదబ్రహ్మను మాత్రం అట్టిపెట్టుకున్నాం.

6. గాజువాకలో ఒక తరగతి

గాజువాకలో సంగీతం గురించి పాఠం చెప్పడం తేలిక కాదు. కిటికీ తెరిస్తే జాతీయ రహదారి మీది లారీల హారన్లు, మూస్తే ఉక్కపోత. విద్యార్థుల్లో ఉక్కు కర్మాగారంలోనూ ఓడరేవులోనూ పనిచేసేవారి పిల్లలు ఎక్కువ. కర్ణాటక సంగీత కచేరీ చూసినవారు తరగతిలో ఇద్దరు కూడా లేరు. నాకు పరిచయమైన ఒక వయొలిన్ అధ్యాపకురాలిని అతిథిగా పిలిచి, తోడి రాగాలాపన వినిపించమని కోరాను. వయొలిన్ కొసను కుడి పాదం మీద ఆనించి కూర్చోవడం వల్ల ఎడమచేతికి వాద్యాన్ని మోసే పని తప్పి, తీగ పొడవునా జారే స్వేచ్ఛ వస్తుందని ఆమె మొదట చూపించారు. తరువాత తోడి గాంధారాన్ని ఒక్కదాన్నే పట్టుకొని చాలాసేపు నిలిచారు.

వారిలో చర్చిలో కీబోర్డు వాయించే కుర్రవాడు ఒకడున్నాడు. తన కీబోర్డు తెచ్చుకొని ఆ స్వరాన్ని వెతికాడు. ఆ గాంధారం కుదురుగా నిలిచేది కాదు. శుద్ధ రిషభానికీ శుద్ధ మధ్యమానికీ నడుమ ఊగుతూనే ఉంటుంది. వాడు ఒక మెట్టు నొక్కాడు, పక్కది నొక్కాడు, రెండూ వేగంగా మార్చి మార్చి నొక్కాడు. చివరికి చెయ్యి తీసేసి, "రెండు మెట్ల సందులో ఉంది మేడమ్, దీంట్లో దొరకదు" అన్నాడు. పియానో మన సంగీతంలో ఎందుకు కుదురుకోలేదో, దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట బాలుస్వామి దీక్షితులు చేతికి తీసుకున్న వయొలిన్ ఎందుకు కుదురుకుందో వివరించడానికి నేను రాసుకొచ్చిన రెండు పుటలు ఆ తరువాత చదవలేదు.

ఆలాపన మళ్ళీ మొదలైంది. ఈసారి ఎవరూ కదలలేదు. ముగిశాక వెనుక బల్ల మీది అమ్మాయి ఒకతె లేచి అడిగింది: "మేడమ్, పాడేవాళ్ళయితే ఊపిరి తీసుకోవడం తెలుస్తుంది కదా. ఈమె ఎక్కడ తీసుకుంటున్నారు?"

అధ్యాపకురాలు నవ్వి, కమాను మొదలు నుంచి కొస వరకు ఒకసారి నెమ్మదిగా లాగి, మళ్ళించే చోట ఆగకుండా వెనక్కి తెచ్చారు. "ఇక్కడ. వినపడిందా?" అన్నారు. వినపడలేదు. మరోసారి లాగారు. మూడోసారికి ఆ అమ్మాయి మలుపు దగ్గర చెయ్యి ఎత్తింది. ఆమె వెనుక మరో ఇద్దరు ఎత్తారు. నాకు అయిదోసారికి వినిపించింది.