పూర్వపక్షంతో మొదలయ్యే చదువు

మేనత్త కొడుక్కీ మేనమామ కూతురికీ సంబంధం కుదిరింది. రెండు వైపులా కథోలిక కుటుంబాలే. శుభలేఖలు అచ్చుకి ఇచ్చే ముందు ఇంటి పెద్ద విచారణ (పారిష్) గురువు దగ్గరికి వెళ్లి గుడిలో తేదీ అడిగాడు. ఫాదర్ తేదీ సంగతి పక్కన పెట్టి ముందు వరస అడిగాడు, తర్వాత వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు. అబ్బాయి ఒకటి, అతని తల్లి రెండు, ఆమె అన్న మూడు, ఆయన కూతురు నాలుగు. ఇద్దరికీ ఉమ్మడి అయిన తాత లెక్కలోకి రాడు. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం ప్రకారం పక్క వరసలో నాలుగో మెట్టు దాకా పెళ్లి చెల్లదు. అయితే మేత్రాణులు (బిషప్) మినహాయింపు ఇవ్వవచ్చు. మేనమామ, అక్క కూతురు అయితే మూడో మెట్టు. అక్కడా మినహాయింపు అసాధ్యం కాదు గానీ, అందుకు తగిన కారణం చూపించాలి. అన్నాచెల్లెళ్లది రెండో మెట్టు, దానికి మినహాయింపన్నదే లేదు.

మేనరికాలు మామూలైన తెలుగు దేశంలో ఈ లెక్క రాని గురువుకు పని నడవదు. రోములో రాసిన చట్టం, గుంటూరు పల్లెలో వరస, ఆ రెంటి మధ్యా ఇబ్బంది పడే ఒక కుటుంబం: ఈ మూడింటినీ ఒకేసారి పట్టి చూడడం నేర్పేదే దైవశాస్త్ర డిగ్రీ. బయటివాళ్లకు సెమినరీ అంటే జపమాల, మౌనం, తెల్ల అంగీ గుర్తొస్తాయి. అవీ ఉంటాయి. కానీ చదువు భాగాన్ని దగ్గరగా చూస్తే, అక్కడ ఎక్కువ కాలం గడిచేది ప్రశ్నల మధ్యనే.

దారి పొడవైనదే. గురువు కావాలంటే తత్వశాస్త్రం రెండేళ్లు, దైవశాస్త్రం నాలుగేళ్లు, మొత్తం కనీసం ఆరేళ్ల చదువు ఉండాలని చట్టం చెబుతుంది. మన దేశంలో దీనికి ముందు సన్నాహక కాలం, నడుమ విచారణలోనో బడిలోనో పనిచేసే కాలం చేరతాయి. చాలామంది మామూలు విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ. కూడా తెచ్చుకుంటారు. అన్నీ కలిపితే ఇంటర్ తర్వాత పదేళ్లు పట్టడం వింతేమీ కాదు. పట్టం అందేదాకా అందరూ పిలిచే పిలుపు ‘బ్రదర్’ అనే. తెలుగు బ్రదర్లలో చాలామంది విశాఖపట్నం దగ్గరి కొండడాబాలో తత్వశాస్త్రం, హైదరాబాదు రామంతాపూర్‌లోని సెయింట్ జాన్స్ ప్రాంతీయ సెమినరీలో దైవశాస్త్రం చదువుతారు. కొందరు బెంగళూరు సెయింట్ పీటర్స్‌కి వెళతారు. 2022 ఆగస్టులో తొలి తెలుగు కార్డినల్ అయిన పూల అంతోని గారు అక్కడ చదివినవారే. ఇంకొందరు పుణె జ్ఞానదీప విద్యాపీఠానికి వెళతారు. దాని మూలం 1893లో శ్రీలంకలోని కాండీలో, పదమూడో లియో పాపుగారు పెట్టిన సెమినరీ. 1955లో అది పుణెకి తరలివచ్చింది.

డిగ్రీ సంగతికి వస్తే, దీని విలువకు ఆధారం ఢిల్లీ కాదు, రోము. ఫ్రాన్సిస్ పాపుగారు 2017 డిసెంబరులో సంతకం చేసిన ‘వెరితాతిస్ గౌదియుం’ అనే శాసనం ఇప్పుడు ఈ డిగ్రీల స్వరూపాన్ని నిర్ణయిస్తోంది. తత్వశాస్త్రంతో కలిపి అయిదేళ్లకు మొదటి పట్టా, తర్వాత లైసెన్షియేట్, ఆ పైన డాక్టరేట్. ప్రొటెస్టెంటు సెమినరీలది వేరే దారి. వాటిలో చాలా వాటికి డిగ్రీ ఇచ్చేది శ్రీరాంపూర్ కళాశాల సెనేట్. ఆ కళాశాలకు 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన సనదే ఇప్పటికీ ఆ డిగ్రీలకు మూలం.

గురువు కాబోయేవాణ్ని ఇలా ఒకచోట కూర్చోబెట్టి చదివించాలన్న నియమం మరీ పాతది కాదు. అంతకుముందు చాలాచోట్ల ఊరి గురువు వెంట తిరిగి, పూజ చేయడం చూసి నేర్చుకోవడమే చదువు. ట్రెంట్ మహాసభ 1563 జూలై 15న ప్రతి మేత్రాసనానికీ (డయోసిస్‌కూ) సెమినరీ ఉండాలని తీర్మానించాక పరిస్థితి మారసాగింది. అయితే సెమినరీలో చెప్పిన పాఠం, ఆ పాఠం చెప్పిన తీరు ట్రెంట్ కంటే చాలా ముందువి.

ఆ తీరు 13వ శతాబ్దపు పారిస్ విశ్వవిద్యాలయంలో రూపు కట్టింది. దాని పేరు డిస్పుతాసియో. ఆచార్యుడు ఒక ప్రశ్న వేస్తాడు. విద్యార్థులు రెండు వైపులా వాదిస్తారు. ఆచార్యుడు మరో రోజు కూర్చుని తన నిర్ణయం చెప్పి, ప్రతి అభ్యంతరానికీ విడివిడిగా జవాబిస్తాడు. ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కు ముందు ఆగమన కాలంలోనూ, ఈస్టరుకు ముందు తపస్సు కాలంలోనూ, ఎవరైనా ఏ విషయం మీదైనా అడగవచ్చు. పెద్ద పెద్ద ఆచార్యులే ఆ సభలకు జంకేవారంటే నమ్మవచ్చు.

ఆ కాలపు ఆచార్యుడు తోమాస్ అక్వినాస్ రాసిన ‘సుమ్మా థియొలోజియే’ ఆసాంతం ఈ అచ్చులో పోసిందే. ప్రతి విభాగం అభ్యంతరాలతో మొదలవుతుంది. ఆ తర్వాత వాటికి ఎదురుగా నిలిచే ఒక ప్రమాణం, ఆపైన రచయిత సమాధానం, చివర ఒక్కో అభ్యంతరానికీ జవాబు. దేవుడు ఉన్నాడా అన్న విభాగమే చూడండి. అక్వినాస్ మామూలుగా మూడు నాలుగు అభ్యంతరాలు ఏరి పెడతాడు. అంత పెద్ద ప్రశ్నకు మాత్రం రెండే పెట్టాడు. లోకంలో ఇంత చెడు ఉంది కదా అన్నది మొదటిది. ప్రకృతిలో జరిగేవన్నీ ప్రకృతి కారణాలతోనే వివరించగలిగినప్పుడు దేవుడితో పనేమిటి అన్నది రెండోది. ఏడున్నర శతాబ్దాల తర్వాత కూడా నాస్తికుల సభలో వినిపించే బలమైన వాదాలు ఈ రెండే. సన్యాసి వేషంలో ఉన్న ఒక ఆచార్యుడు వాటిని మెత్తబరచకుండా, వెక్కిరించకుండా, తన పుస్తకంలో అందరికంటే ముందు కూర్చోబెట్టాడు.

తెలుగు పాఠకుడికి ఇది కొత్తగా అనిపించకూడదు. మన శాస్త్రాలు నడిచిందీ ఇలాగే. మీమాంసలో అధికరణం అంటే విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి. ఎదుటివాడి మాట సరిగ్గా చెప్పలేనివాడు సిద్ధాంతం దాకా రానే రాడు. ఇంకో పోలిక కూడా తమాషాగా ఉంటుంది. మనవాడే అయిన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ పిల్లలకు సులువుగా బోధపడాలని రాశానన్నాడు. అక్వినాస్ కూడా తన పుస్తకం కొత్తగా చదువుకునేవాళ్ల కోసమే అని ముందుమాటలో చెప్పుకున్నాడు. రెండు పుస్తకాలూ ఇవాళ పండితుల చేత చెమటలు పట్టిస్తున్నాయి.

1879లో పదమూడో లియో అక్వినాస్‌ను మళ్లీ కేంద్రానికి తెచ్చాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు సెమినరీల్లో ఈ పద్ధతి లాటిన్ మాన్యువల్ పుస్తకాలుగా గడ్డకట్టింది. ప్రశ్న పేరుకే మిగిలింది, జవాబు బట్టీ అయింది. ఇవాళ్టి సెమినరీకీ ఆ ప్రమాదం తప్పలేదు. డిక్టేషన్ నోట్సు రాసుకుని పరీక్షలో దింపే అలవాటు మన కాలేజీలన్నిటిదీ. అందులోంచి వచ్చిన కుర్రాడు సెమినరీ గేటు దాటగానే మారిపోడు. ఎదుటివాడి వాదాన్ని ఎదుటివాడే మెచ్చేలా చెప్పడం ఈ చదువులో అన్నిటికంటే కష్టమైన పాఠం, అన్నిటికంటే తేలిగ్గా వదిలేసే పాఠం కూడా.

రెండో వాటికన్ మహాసభ 1965లో గురువిద్య మీద ప్రకటించిన పత్రం అక్వినాస్‌ను ఉంచుతూనే, పరిశుద్ధ గ్రంథానికి పెద్దపీట వేసింది. దానికి దారి 1943లోనే పడింది. పన్నెండో పియూస్ పాపుగారు అప్పుడు బైబిలును దాని మూలభాషల్లో, అది పుట్టిన కాలపు రచనా రీతుల్లో చదవమన్నారు. అందుకే బ్రదర్లు గ్రీకు, హీబ్రూ అక్షరాలు దిద్దుతారు. మత్తయి, మార్కు, లూకా సువిశేషాలను పక్కపక్కన మూడు వరసల్లో అచ్చువేసిన పుస్తకం ముందు పెట్టుకుని, కలిసే మాట ఒక రంగులో, కలవని మాట ఇంకో రంగులో గీతలు గీస్తారు. మత్తయిలో క్రీస్తు కొండ మీద కూర్చుని ఆత్మలో పేదలైనవాళ్లను ధన్యులంటాడు. లూకాలో మైదానంలో నిలబడి, ఏ విశేషణమూ లేకుండా పేదలను ధన్యులంటాడు, ఆ వెంటనే ధనికులకు శ్రమ తప్పదంటాడు. తేడా ఎందుకొచ్చింది? ఏ సంఘం కోసం ఎవరు రాశారు? ఇవి పరీక్ష ప్రశ్నలుగా కనిపిస్తాయి గానీ వాటితోనే ఆగిపోవు. గుడికి పెద్ద విరాళం ఇచ్చిన మోతుబరి ముందు వరసలో, కూలి జనం వెనక చాపల మీద కూర్చున్న ఆదివారం, లూకాను పక్కకు నెట్టి మత్తయిని ఎత్తుకోవడం ఎంత హాయో ప్రసంగం చేసినవాళ్లకు తెలుసు. రెండూ చదివినవాడు ఆ పని చేసినా తెలిసే చేస్తాడు.

భాషల మీద ఈ పట్టుదల మన నేలకు మేలే చేసింది. మదురైలో సన్యాసి వస్త్రం కట్టిన యేసుసభ గురువు రాబర్ట్ డి నోబిలికి సంస్కృతం నేర్పింది శివధర్ముడనే తెలుగు బ్రాహ్మణుడు. 18వ శతాబ్దంలో కర్నాటక మిషన్‌లో తెలుగువాళ్ల మధ్య పనిచేసిన ఫ్రెంచి గురువు గాస్తోం కేర్దు తెలుగు, సంస్కృతం క్షుణ్ణంగా నేర్చుకున్నాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఉన్న చుట్టరికాన్ని వివరిస్తూ 1767లో పారిస్ అకాడమీకి రాసి పంపాడు. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పి పేరు తెచ్చుకున్నది ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లకు. కేర్దు రాసింది మాత్రం ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1808లో గానీ అచ్చుకాలేదు.

నీతిశాస్త్రం క్లాసులో మళ్లీ మనుషుల గొడవలే. పాపసంకీర్తనం, అంటే పాపాల ఒప్పుకోలు, వినడానికి గురుపట్టం ఒక్కటే చాలదు. యోగ్యుడని పరీక్ష ద్వారానో మరో విధంగానో తేలినవాడికే ఆ అధికారం ఇవ్వాలని చట్టం. ఆ పరీక్షకు సిద్ధం చేసేటప్పుడు ఆచార్యుడు పాపి వేషం కడతాడు, బ్రదరు గురువవుతాడు. ‘ఫాదర్, కొట్టు గల్లాలోంచి కొన్నేళ్లుగా డబ్బు తీస్తున్నాను. సేటుగారికి చెప్పాలా?’ కంగారుపడే కుర్రాడు పోలీసుల దాకా వెళతాడు, మెత్తనివాడు ప్రార్థన చేసుకోమని పంపేస్తాడు. సంప్రదాయం చెప్పే జవాబు ఈ రెంటికీ నడుమ ఉంది. డబ్బు తిరిగి ఇచ్చి తీరాలి, కానీ తన పరువు తానే బజారున పెట్టుకోనక్కర్లేదు, గుట్టుగా చేర్చే మార్గం వెతుక్కోవచ్చు. విన్న గురువు ఆ మాట ఎక్కడా ఎత్తకూడదు. ఎత్తితే ఎవరూ తీర్పు చెప్పనక్కర్లేకుండానే వెలి పడుతుంది. ఈ విద్యకు పెద్దదిక్కు పునీత అల్ఫోన్స్ లిగోరి. నేపుల్స్‌లో వకీలుగా పనిచేసి నల్లకోటు వదిలి గురువైనవాడు కాబట్టి, నియమానికీ మనిషికీ మధ్య దూరం ఎంతో ఆయనకు బాగా తెలుసు.

చివరి ఏళ్లలో ప్రసంగం నేర్చుకోవడం, డీకన్‌గా విచారణలో పని, ఆపైన చదివిందంతా కలిపి అడిగే మౌఖిక పరీక్ష. ఫ్రాన్సిస్ పాపుగారు 2018లో ప్రసంగం పది నిమిషాలు దాటొద్దన్నారు. మన పల్లెల్లో ఆ మాట అమలైనట్టు లేదు.

తెలుగు బ్రదరుకు ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. మేజర్ సెమినరీల్లో పాఠాలు, పుస్తకాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే. ఏళ్ల తరబడి ఇంగ్లీషులో ఆలోచించి, ఆదివారం పూట తెలుగులో పలికేసరికి మాట కొయ్యబారుతుంది. దేశమంతా ఒకే సెమినరీలో చదవగలగడం ఇంగ్లీషు ఇచ్చిన లాభమే, కాదనలేం. కానీ వడ్డన జరిగే భాషలో వంట నేర్పకపోవడం ఈ చదువులో పెద్ద లోటు. యేసుసభ గురువు పూదోట జోజయ్య గారి ‘బైబులు భాష్యం’ పుస్తకాలు ఆ లోటును కొంత పూడ్చాయి. వాటిలోని చిన్న వాక్యాలు చూస్తే, కఠినమైన శాస్త్రాన్ని వాడుక తెలుగులో చెప్పడం కుదరదనే సాకు నిలవదు.

డిగ్రీ ఇప్పుడు గురువుల సొత్తు మాత్రమే కాదు. మఠకన్యలకూ గృహస్థులకూ ఆ తరగతులు తెరుచుకున్నాయి, స్త్రీలు దైవశాస్త్ర ఆచార్యులుగా పాఠాలు చెబుతున్నారు. గురుపట్టం మాత్రం పురుషులకే. 2021 మేలో ఫ్రాన్సిస్ పాపుగారు ఉపదేశి పనిని ఒక అధికారిక పరిచర్యగా స్థాపించి, వాళ్లకు బైబిలు, దైవశాస్త్రం, పరిచర్య విధానాల్లో తగిన శిక్షణ ఉండాలన్నారు. రోముకు అది కొత్త నిర్ణయం కావచ్చు, తెలుగు పల్లెకు ఉపదేశి ఎప్పటినుంచో ఉన్న మనిషి. ఒక విచారణ కింద పలు ఊళ్లుంటే ఫాదర్ అన్నిచోట్లకూ ప్రతి ఆదివారం రాలేడు. ఆయన లేని రోజున ప్రార్థన నడిపేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ, చావింటికి ముందుగా చేరేదీ ఉపదేశే. అతనికి సెమినరీ చదువు లేదు, ఇంగ్లీషు పుస్తకం అందదు. ఊరివాళ్లు అడిగేవి మాత్రం రామంతాపూర్ పరీక్షలో అడిగే ప్రశ్నలే: పసిబిడ్డ ఎందుకు చనిపోయింది, మేనరికం గుడిలో చేస్తారా, దొంగిలించిన డబ్బు తిరిగి ఇస్తే చాలా. కొత్తగా పట్టం పొంది సహాయ గురువుగా విచారణకు వచ్చిన యువకుడి పనుల్లో ఇలాంటి ఉపదేశులను కూర్చోబెట్టి పాఠం చెప్పడం ఒకటి.