‘మాయాబజార్’: ఓట్లూ విలువా

2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. ఇంటర్నెట్‌లో జరిపిన ఓటింగులో భారతీయ చిత్రాలన్నింటిలోకీ ‘మాయాబజార్’ (1957) ప్రథమస్థానం పొందింది. మనవాళ్లు పొంగిపోయారు. కాని ఓట్ల సంఖ్య కళకు కొలబద్ద కాజాలదు. టూరింగ్ టాకీసుల్లో నేలమీద కూర్చుని ఈ చిత్రాన్ని బతికించిన శ్రామిక ప్రేక్షకుల్లో ఎందరు ఆ లెక్కలోకి వచ్చారు?

అయినా ఆ గౌరవానికి చిత్రం అర్హమే. అందుకు ఘటోత్కచుడి మాయలకంటే బలమైన కారణముంది. పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే శశిరేఖ తల్లిదండ్రులు ఇచ్చిన మాట మరిచి దుర్యోధనుడి కొడుకుతో సంబంధం కలుపుకుంటారు. పెళ్లిని శాసించేది ఆస్తేనని దర్శకుడు కె.వి. రెడ్డి నవ్విస్తూనే చూపాడు. అయితే ఆ అన్యాయాన్ని సరిదిద్దే పని మనుషుల పూనికకు వదలక మాయకు అప్పగించాడు. అది చిత్రానికున్న పరిమితి.

రెడ్డి పుట్టిన తాడిపత్రి పెన్న ఒడ్డున ఉంది. దిగువన అదే పెన్న గండికోట లోయలో పారుతుంది. ఆ కోటలో ప్రభువుల భవనాలు శిథిలమయ్యాయి. మన పల్లెల్లో మాత్రం ఎన్నో సంబంధాలు నేటికీ ఎకరాల లెక్కమీదే కుదురుతున్నాయి. చిత్రం పాతబడకపోవడానికి మూలం ఇక్కడుంది. ఎన్ని ఓట్లు వచ్చాయన్నది అటుంచి, మనం నవ్విన నవ్వు ఎవరిమీదో గుర్తించామా అని విమర్శకులు అడగాలి.