సింజార్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ఒక సాక్ష్యం

2018 జూన్‌లో జర్మనీలో ఒక యువతి మళ్లీ సిరియా వెళ్లిపోదామని కారెక్కింది. నడుపుతున్నవాడు తమవాడే అనుకుంది. దారి పొడుగునా ఇస్లామిక్ స్టేట్‌లో గడిపిన రోజుల గురించి చెప్పుకుంటూ వచ్చింది. ఇరాక్‌లో తానూ తన భర్తా ఒక యజీదీ తల్లినీ కూతుర్నీ బానిసలుగా పెట్టుకున్నామనీ, ఆ పాప ఎండలో చనిపోయిందనీ ఆ మాటల్లోనే చెప్పింది. బండి నడుపుతున్నది దర్యాప్తు సంస్థల మనిషి. ఆ మాటలన్నీ రికార్డయ్యాయి.

అంతవరకే అయితే అది నిఘా కథ. ఆ తర్వాత మూడున్నరేళ్ల పాటు జరిగిన పనిని చూసి నాకు గౌరవం కలిగింది. కారులో దొర్లిన ఆ నాలుగు మాటలు మొదలుకొని, 2021 నవంబర్ 30న ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నత ప్రాంతీయ న్యాయస్థానం ఆ భర్తకు, అంటే తాహా అల్ జె. అనే ఇరాకీకి, యావజ్జీవ శిక్ష వేసేదాకా సాగిన పని అది. యజీదీల మీద జాతిహననానికి పాల్పడ్డాడని ప్రపంచంలో ఏ కోర్టయినా ఒక మనిషిని దోషిగా తేల్చడం అదే మొదలు.

2014 ఆగస్టు 3న ఇస్లామిక్ స్టేట్ మూకలు ఉత్తర ఇరాక్‌లో యజీదీలనే అల్పసంఖ్యాక మతస్థులు ఉండే సింజార్ మీద పడ్డాయి. మగవాళ్లను చంపారు, ఆరు వేలమందికి పైగా జనాన్ని ఎత్తుకుపోయారు, ఆడవాళ్లనూ పిల్లలనూ సంతలో పెట్టి అమ్మారు. యజీదీలు తమ జాతి మీద జరిగే ఊచకోతను ఫర్మాన్ అంటారు. వాళ్ల లెక్కలో ఇది 74వది. ఇదంతా లోకానికి తెలుసు. కోచో ఊరి నుంచి ఎత్తుకుపోబడి తప్పించుకున్న నాదియా మురాద్‌కు 2018లో నోబెల్ శాంతి బహుమతి వచ్చాక ఇంకా బాగా తెలిసింది. అయితే లోకానికి తెలిసినంత మాత్రాన కోర్టులో రుజువైనట్టు కాదు. ఫలానా మనిషి, ఫలానా చోట, ఫలానా ఉద్దేశంతో ఈ పని చేశాడని జడ్జికి సందేహం మిగలకుండా చూపించాలి. దర్యాప్తు చేసేవాళ్ల పనితనమంతా ఇక్కడే బయటపడుతుంది.

ఈ కేసు జర్మనీలో ఎందుకు నడిచిందని ఎవరికైనా అనిపిస్తుంది. ఇరాక్ గానీ సిరియా గానీ అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో సభ్యులు కావు. ఇరాక్ సాధారణ శిక్షాస్మృతిలో జాతిహననమనే నేరమే లేదు. అక్కడి కోర్టులు ఉగ్రవాద నిరోధక చట్టం కింద, ముఠాలో సభ్యుడన్న అభియోగం మీద శిక్షలు వేస్తూ వచ్చాయి. అలాంటి విచారణలో యజీదీ స్త్రీ కథకు చోటుండదు, ఆమెను సాక్షిగా పిలవాల్సిన అవసరమూ రాదు. జర్మనీలో మాత్రం 2002 నుంచి అంతర్జాతీయ నేరాలకు వేరే చట్టం ఉంది. నేరం ఎక్కడ జరిగినా, ఎవరు చేసినా, ఎవరి మీద జరిగినా అక్కడ విచారించవచ్చు. తాహా జర్మన్ కాడు, బాధితులు జర్మన్లు కారు, నేరం జరిగింది ఫలూజాలో, అతను దొరికింది గ్రీస్‌లో. అయినా కేసు నిలిచింది.

నిలవడానికి వెనక ఎన్నో ఏళ్ల తయారీ ఉంది. ఫెడరల్ ప్రాసిక్యూటర్ కార్యాలయం 2014లోనే ఇస్లామిక్ స్టేట్ యజీదీల మీద చేస్తున్న నేరాలపై ఒక దర్యాప్తు తెరిచింది. అందులో ముద్దాయి పేరు ఉండదు. ఆ ముఠా ఎలా నడిచేది, ఆజ్ఞలు ఎవరి నుంచి ఎవరికి వెళ్లేవి, బానిసల వ్యాపారం ఎలా సాగేది అన్న సంగతులన్నీ ముందే కూడబెడతారు. రేపు ఎవరో ఒకరు పట్టుబడితే నేపథ్యం కోసం మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు. వాన పడకముందే దుక్కి దున్ని పెట్టుకున్న రైతు పనిలాంటిది ఇది. 2015లో బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం ప్రత్యేక పథకం కింద సుమారు 1,100 మంది యజీదీ స్త్రీలనూ పిల్లలనూ తీసుకొచ్చి ఆశ్రయమిచ్చింది. అది చికిత్స కోసం చేసిన పని. దానివల్లే ఎందరో సాక్షులు జర్మన్ పోలీసులకు అందుబాటులోకి వచ్చారు.

ఇక ఆ తల్లి సంగతి. ఆమె బతికే ఉందని కనుక్కున్నారు. మొదట మ్యూనిక్‌లో ఆ యువతి విచారణలో, తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆమె సాక్ష్యం చెప్పింది. 2015 ఎండాకాలంలో, ఒంట్లో బాగాలేక పరుపు తడిపిందని ఐదేళ్ల పాపను శిక్షగా కిటికీ ఊచకు గొలుసుతో కట్టి మండుటెండలో వదిలేశారని ఆమె చెప్పాలి. ఒకసారి కాదు, రోజుల తరబడి, ముద్దాయిల తరఫు న్యాయవాదులు ప్రతి మాటనూ తరచి తరచి అడుగుతుంటే చెప్పాలి. పాప శవం దొరకలేదు. చనిపోయిందనడానికి రుజువేదని వాదించారు కూడా.

ఇక్కడే వాంగ్మూలం తీసుకునే విద్య విలువ తెలుస్తుంది. సింజార్ పల్లెల నుంచి వచ్చిన చాలామందికి తేదీల లెక్క ఉండదు. పండగనో, పంటనో, బిడ్డ వయసునో ఆనవాలు పెట్టుకుని చెబుతారు. తెలియని పోలీసు తేదీ అడిగి, ఏదో ఒకటి చెప్పించుకుని రాసుకుంటాడు. ఆ అంకె తర్వాత కోర్టులో ఆమెనే అబద్ధాలకోరుగా చూపిస్తుంది. తెలిసినవాడు 'తర్వాత ఏం జరిగింది?' అని మాత్రం అడిగి ఆగుతాడు. విలేకరులకు, స్వచ్ఛంద సంస్థలకు, అధికారులకు అదే కథ పదేపదే చెప్పి అలసిపోయిన స్త్రీలు వీళ్లు. చెప్పిన ప్రతిసారీ గాయం రేగుతుంది, వివరాల్లో చిన్న తేడాలూ వస్తాయి. ఇలాంటి స్త్రీల వాంగ్మూలం తీసుకునేవాళ్ల కోసం 2022లో వచ్చిన మురాద్ నియమావళి అందుకే దర్యాప్తుదారుణ్ణి ముందు తనను తానే ప్రశ్నించుకోమంటుంది: ఈ వాంగ్మూలం ఇప్పటికే ఎక్కడైనా ఉందా? నేను మళ్లీ అడగడం అవసరమా? అడగకుండా వెనక్కి తగ్గడం కూడా ఈ పనిలో నైపుణ్యమే. నాకు ఈ నియమావళిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

పాప మరణం ఒక్కటే రుజువైతే జాతిహననం కాదు. ఒక జాతిని పూర్తిగానో కొంతగానో నిర్మూలించాలన్న ఉద్దేశం ఆ ముద్దాయిలోనే ఉందని తేలాలి. మనసులోని మాటను కోర్టులో ఎలా పెట్టడం? ఇస్లామిక్ స్టేట్ తన మాటలు తానే అచ్చు వేసుకుంది. 2014 అక్టోబర్‌లో తన పత్రిక దాబిక్ నాలుగో సంచికలో యజీదీ స్త్రీలను బానిసలు చేయడం ధర్మమేనని రాసుకుంది. ఈ ముఠా సిద్ధాంతం ఒకవైపు, ఆ ఇంట్లో తల్లీ బిడ్డలను సొంత మతం వదిలించి నమాజు చేయించిన తీరు మరోవైపు. రెండూ కలిపి చూస్తే ఇతను చేసింది ఆ పెద్ద పథకంలో భాగమని తేలింది. వేలమందిని చంపినవాడే కానక్కర్లేదు, ఇద్దరి మీద చేసిన నేరంలోనూ ఆ ఉద్దేశం ఉండవచ్చన్న ఈ తీర్పును 2022 నవంబర్‌లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ఖాయం చేసింది.

మట్టిలో జరిగే పని దీనికి తోడు. 2019 మార్చి 15న కోచోలో మొదటి సామూహిక సమాధి తవ్వారు. ఇరాకీ నిపుణులతో పాటు ఐక్యరాజ్యసమితి దర్యాప్తు బృందం యునిటాడ్ కూడా అక్కడుంది. ఎముక ఎవరిదో తేల్చాలంటే బతికున్న బంధువు రక్తనమూనా కావాలి. ఇంటిల్లిపాదీ పోయిన చోట ఎవరిని అడుగుతారు? మిగిలినవాళ్లు దేశదేశాల శిబిరాల్లో చెదిరిపోయారు. యజీదీలు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటారు, ఒక ఊరి మగవాళ్లంతా దగ్గరి చుట్టాలు. అన్నెవరో, పినతండ్రి కొడుకెవరో డీఎన్ఏతో విడదీయడం తేలిక కాదు. 2021 ఫిబ్రవరి 6న, గుర్తించిన 104 మందిని కోచోలోనే మళ్లీ ఖననం చేశారు. మోసుల్‌లో అపహరణకు గురైన 39 మంది భారతీయ కార్మికుల్లో 38 మందిని బదూష్ దిబ్బలోంచి వెలికితీసి 2018లో పేర్లతో సహా ఇళ్లకు చేర్చింది కూడా ఇలాంటి డీఎన్ఏ పోలికే.

ఇంకో పనిముట్టు నన్ను బాగా ఆకట్టుకుంది. ఇస్లామిక్ స్టేట్ కూల్చేసిన యజీదీ గుళ్లను పైనుంచి ఫొటోలు తీయాలి. లండన్‌లోని ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్, యజీదీల సంస్థ యజ్దా కలిసి స్థానిక యువతీయువకులకు గాలిపటాలకూ, హీలియం బెలూన్లకూ కెమెరా కట్టి ఎగరేయడం నేర్పాయి. ఆ బొమ్మలను కంప్యూటర్లో పేర్చి శిథిలాలకు త్రిమితీయ నమూనా కట్టారు. తమ గుడి ఎలా కూలిందో రుజువు చేసే పని ఆ గుడి మనుషుల చేతికే ఇచ్చారు.

యునిటాడ్ గడువు 2024 సెప్టెంబర్‌లో ముగిసింది. కేసులు మాత్రం నడుస్తున్నాయి. 2025 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్ కోర్టు, రక్కాలోని తన ఇంట్లో ముగ్గురు యజీదీ స్త్రీలనూ ఆరుగురు పిల్లలనూ బంధించిన ఒక స్వీడన్ మహిళకు జాతిహననం నేరం కింద 12 ఏళ్ల శిక్ష వేసింది. 2014లో ఎత్తుకుపోయిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు, సాక్షులు కూడా. తిరిగొచ్చిన పిల్లల్లో కొందరు అమ్మ నేర్పిన కుర్మాంజీ మరిచిపోయి అరబ్బీ మాత్రమే మాట్లాడుతూ వచ్చారు. అలాంటి సాక్షి ఎదుట కూర్చున్నప్పుడు, మొదటి ప్రశ్న కన్నా ముందు, ఏ భాషలో అడగాలో తేల్చుకోవాలి.